మా రక్తంలోనే ఆ జబ్బు ఉందా?

ఒక పాఠకురాలు రాసిన పొడవాటి ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు. ఎవరో గుర్తుపట్టే వివరాలు తీసేసి, సంగతి మాత్రం చెబుతున్నాను.

2021లో వాళ్ల ఇంట్లో మొదట జ్వరం వచ్చింది ఈమెకే. రెండు రోజుల్లో తగ్గిపోయింది. ఆ వారంలోనే అమ్మకూ నాన్నకూ తమ్ముడికీ కోవిడ్ వచ్చింది. అమ్మ మామూలు జలుబులా గట్టెక్కింది. నాన్నకు 63 ఏళ్లు, చాలా ఏళ్లుగా షుగరు. పదకొండో రోజున పోయారు. తమ్ముడికి అప్పుడు 27. రోజూ పరుగెత్తే అలవాటు, ఏ జబ్బూ ఎరగని ఒళ్లు. పదహారు రోజులు వెంటిలేటర్ మీద ఉండి బతికి బయటపడ్డాడు. అదే నెలలో వేరేచోట ఉన్న బాబాయి కూడా కోవిడ్‌తోనే పోయారు. ఆయనకు 59, భారీ మనిషి, బీపీ ఉంది. "ఇది అవసరమో కాదో తెలీదు గానీ, మా మేనమామ ఒకాయన నేను పుట్టకముందే 22 ఏళ్లకు న్యుమోనియాతో పోయాడట" అని ఒక వాక్యం మధ్యలో రాసి, మళ్లీ నాన్న సంగతిలోకి వెళ్లిపోయారు.

ఇప్పుడు ఆమె బాబుకు నాలుగేళ్లు. ఏడో నెలలో ఆర్‌ఎస్‌వీ అనే వైరస్ సోకి ఐదు రోజులు ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నాడు. తర్వాత పెద్ద జబ్బేమీ రాలేదు. టీకాలన్నీ వేయించారు, ఏ ఇబ్బందీ కాలేదు. కానీ నెలకోసారి ముక్కు కారుతుంది, దగ్గుతాడు, వారంలో సర్దుకుంటాడు. బాబు దగ్గిన ప్రతి రాత్రీ ఆమెకు నిద్ర ఉండదు. ఒకసారి మాటామాటా పెరిగినప్పుడు భర్త "మీ నాన్నవైపు వాళ్ల ఊపిరితిత్తులే అంత, అదే వీడికీ వచ్చింది" అన్నారట. ఆర్నెల్లుగా బాబును బడికి పంపడం లేదు.

ఈ భయంతోనే ఉమ్మి శాంపిల్ పంపి జన్యు పరీక్ష చేయించుకున్నారు. మూడో క్రోమోజోమ్‌లో తీవ్రమైన కోవిడ్ ముప్పును పెంచే మార్పు ఒక ప్రతి ఉందని ఎర్ర అక్షరాల్లో రిపోర్టు వచ్చింది. దాన్ని బీరువాలో దాచేశారు. తమ్ముడి భార్య ఇప్పుడు గర్భవతి. "వాడు ఇప్పటికీ మెట్లెక్కితే ఆయాసం వచ్చిందేమోనని ఆగి చూసుకుంటాడు. ఇది చూపిస్తే బతకలేడు" అన్నారు. బాబుకు కూడా ఈ పరీక్ష చేయించాలా, తమ్ముడికి చెప్పాలా వద్దా అన్నవి ఆమె ప్రశ్నలు. మధ్యలో బ్లడ్ గ్రూపుల సంగతీ అడిగారు. చివర్లో మాత్రం ప్రశ్న లేదు, ఒక వాక్యం ఉంది: "నాన్న నాకు జన్యువులు ఇచ్చాడు, నేను ఆయనకు వైరస్ ఇచ్చాను."

*

ఆ చివరి వాక్యం దగ్గరే మొదలుపెడతాను. దాని బరువు దించుకోకుండా మిగతావి ఏం చెప్పినా మీ చెవికెక్కవు.

ముందు జ్వరం వచ్చింది మీకు కాబట్టి వైరస్ తెచ్చింది మీరేనని లెక్కగట్టారు. ఆ లెక్క నిలబడదు. కోవిడ్ సోకాక లక్షణాలు బయటపడటానికి ఒకరికి రెండు రోజులు పడితే ఇంకొకరికి పది రోజులు పట్టొచ్చు. లక్షణాలు కనబడడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అది ఇతరులకు అంటుతుంది. నలుగురూ ఒకే వారంలో పడ్డ ఇంట్లో ఎవరి నుంచి ఎవరికి పోయిందో జ్వరాల వరస చూసి చెప్పలేం. తమ్ముడు తెచ్చి ఉండవచ్చు, నాన్నగారే తెచ్చి ఉండవచ్చు. మీరే తెచ్చి ఉండవచ్చు కూడా. ఆ అవకాశమే లేదని మీకు అబద్ధం చెప్పను. కానీ ఊపిరి పీల్చడం, ఇంట్లోవాళ్లతో కలిసి ఉండటం మీరు చేసిన తప్పులు కావు. ఒకే వైరస్ ఒకే ఇంట్లో నలుగురి ఒంట్లోకి వెళ్లింది. మీకు రెండు రోజుల జ్వరం, అమ్మకు జలుబు, తమ్ముడికి వెంటిలేటర్, నాన్నగారికి మరణం. ఎవరు తెచ్చారన్నది కాదు, ఇంత తేడా ఎందుకు వచ్చిందన్నదే అడగాల్సిన ప్రశ్న. దానికి జవాబు కొంతవరకైనా ఉంది.

మీ భర్త కోపంలో అన్న మాటలో ఒక పిసరు నిజం ఉంది. అది మీకు నచ్చకపోయినా చెప్పాలి. అంటువ్యాధులు ఎవరిని ఎంత దెబ్బతీస్తాయన్న దాంట్లో వంశపారంపర్యం పాత్ర ఉంది. 1988లో డెన్మార్క్ పరిశోధకులు 1924-26 మధ్య పుట్టి దత్తతకు వెళ్లిన పిల్లల జీవితాలను పరిశీలించారు. కన్నవాళ్లలో ఎవరైనా 50 ఏళ్లలోపే అంటువ్యాధితో పోయి ఉంటే, ఆ బిడ్డ కూడా అంటువ్యాధితో చిన్న వయసులో పోయే ముప్పు సుమారు ఐదారు రెట్లు ఎక్కువగా కనిపించింది. పెంచినవాళ్లు అలా పోతే మాత్రం ఆ పెరుగుదల లేదు. లెక్కకు వచ్చిన మరణాలు తక్కువ కాబట్టి ఆ అంకెను అక్షరాలా పట్టుకోవద్దు. అది చూపించిన దారి మాత్రం నిజమేనని తర్వాతి పరిశోధనలు తేల్చాయి.

అయితే ఆ వాక్యంలో వయసు చూడండి. 50 ఏళ్లలోపు. ఎందుకంటే వయసు మీరినకొద్దీ, షుగరూ బరువూ బీపీ చేరినకొద్దీ, వాటి వాటా ముందు జన్యువుల వాటా కనబడకుండా పోతుంది. కోవిడ్‌లో వయసును మించిన ముప్పు లేదు. టీకా ఇంకా అందరికీ అందని రోజుల్లో 63 ఏళ్ల షుగరు మనిషి, 59 ఏళ్ల భారీకాయం ఉన్న మనిషి పోవడానికి వంశంలో కొత్తగా ఏదో లోపం ఉండాల్సిన పని లేదు. అదే నెలలో ఏ బంధుత్వమూ లేని అలాంటి మనుషులు ఎందరో పోయారు. ఇద్దరు అన్నదమ్ములు ఒకే నెలలో పోయారు కాబట్టి "నాన్నవైపు ఊపిరితిత్తులు" అన్న కథ పుట్టింది. దుఃఖంలో ఉన్న ఇల్లు ఇలాంటి కథలు అల్లుకుంటుంది. అది సహజం. కానీ ఆ కథ పట్టుకునే మీరు మూడేళ్ల నుంచో నాలుగేళ్ల నుంచో ఒకేవైపు చూస్తున్నారు.

ఇక ఆ ఎర్ర అక్షరాల రిపోర్టు. అందులో ఉన్నదేమిటో మీకు ఎవరూ విడమర్చి చెప్పినట్టు లేదు. 2020 జూన్‌లో ఇటలీ, స్పెయిన్ ఆసుపత్రుల్లోని రోగుల డీఎన్ఏను ఆరోగ్యవంతుల డీఎన్ఏతో పోల్చినప్పుడు మూడో క్రోమోజోమ్ మీద ఒక చోట తేడా కనబడింది. కొద్ది నెలలకే హ్యూగో జెబెర్గ్, స్వాంటే పాబో అనే శాస్త్రవేత్తలు ఆ ముక్క ఎక్కడిదో కనిపెట్టారు. సుమారు యాభై వేల అక్షరాల పొడవున్న ఆ డీఎన్ఏ ముక్క ఎప్పుడో అంతరించిపోయిన నియాండర్తల్ మానవుల నుంచి మనకు వచ్చింది. క్రొయేషియాలోని విండియా గుహలో దొరికిన యాభై వేల ఏళ్ల నాటి ఎముకలోని డీఎన్ఏలో దాదాపు అదే ముక్క ఉంది. పాబోకు 2022లో నోబెల్ బహుమతి వచ్చింది ఇలా అంతరించిన మానవ జాతుల డీఎన్ఏను చదివినందుకే.

మీకు పనికొచ్చే సంగతి వేరే ఉంది. ఆ ముక్క ఐరోపాలో సుమారు 16 శాతం మందిలో ఉంటే, దక్షిణాసియాలో సుమారు సగం మందిలో ఉంది. అంటే మీ రిపోర్టులో ఎర్రగా రాసినది మన జనంలో ఇద్దరిలో ఒకరికి ఉన్నదే. అది తీవ్రమైన కోవిడ్ ముప్పును పెంచే మాట నిజం. మొదటి పరిశోధనల్లో ఆ పెంపు సుమారు 1.6 రెట్లు అని తేలింది. జనం మొత్తానికి అది పెద్ద సంగతి. ఒక్క మనిషి భవిష్యత్తు చెప్పడానికి మాత్రం చాలదు. సగం మందిలో ఉన్న మార్పు ఒక్క మీ ఇంటినే వెతుక్కుంటూ రాదు. అది మీకు నాన్న నుంచి వచ్చిందో అమ్మ నుంచి వచ్చిందో కూడా ఆ కాగితం చెప్పదు. పైగా ఆ మార్పు ఒంట్లో పెట్టుకుని కోవిడ్ తగిలించుకున్న మీకు ఏమైంది? రెండు రోజుల జ్వరం. ఆ రిపోర్టుకు మీ ఒళ్లు ముందే జవాబు చెప్పింది.

ఆ నియాండర్తల్‌ల నుంచే పన్నెండో క్రోమోజోమ్ మీద ఇంకో ముక్క వచ్చింది. అది వైరస్ ఆర్‌ఎన్ఏను ముక్కలు చేయించే వ్యవస్థకు సాయపడి, తీవ్రమైన కోవిడ్ ముప్పును సుమారు 22 శాతం తగ్గిస్తుంది. ఇక మూడో క్రోమోజోమ్ ముక్క ఉన్నవాళ్లకు హెచ్ఐవీ సోకే ముప్పు కొంత తక్కువని 2022లో జెబెర్గే చూపించారు. అంటే ఒక జబ్బుకు చేటు చేసినదే మరో జబ్బుకు మేలు చేసింది. "చెడ్డ జన్యువు" అన్న మాట మీ ఉత్తరంలో మూడుచోట్ల ఉంది. ఆ మాట వదిలేయండి. బ్లడ్ గ్రూపుల సంగతి కూడా అడిగారు కదా. A గ్రూపు వాళ్లకు ముప్పు కాస్త ఎక్కువ, O గ్రూపు వాళ్లకు కాస్త తక్కువ అన్న తేడా కనబడింది గానీ, దాన్ని బట్టి మీ ఇంట్లో ఒక్క నిర్ణయం కూడా మారదు.

ఇప్పటిదాకా చెప్పింది మీరు భయపడుతున్న చోట భయం అక్కర్లేదని. ఇక మీరు చూడని చోటికి వద్దాం.

27 ఏళ్లు. ఏ జబ్బూ లేదు. పదహారు రోజుల వెంటిలేటర్. ఉత్తరం మొదటిసారి చదివినప్పుడే నా కళ్లు అక్కడ ఆగాయి. తర్వాత మీరు ఒక్క వాక్యంతో దాటేసిన మేనమామ దగ్గర ఆగాయి. నాన్నగారి మరణానికీ బాబాయి మరణానికీ కారణాలు కళ్లెదుటే ఉన్నాయి. తమ్ముడికి ఏ కారణమూ కనబడటం లేదు. జన్యువుల గురించి అడగాల్సింది ఇలాంటి వాళ్ల విషయంలోనే.

వైరస్ కణంలోకి దూరగానే ఒంట్లో మొదట మోగే గంట ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్. అది చుట్టుపక్కల కణాలన్నిటికీ తలుపులు వేసుకోమని చెబుతుంది. ఆ గంట వేళకు మోగితే వైరస్ ముక్కులోనో గొంతులోనో ఆగిపోతుంది. మోగకపోతే రోజుల తరబడి అడ్డూ అదుపూ లేకుండా పెరిగి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. అప్పుడు గానీ రోగనిరోధక సైన్యం మేలుకోదు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, ఆలస్యంగా వచ్చిన ఆ సైన్యం చేసే గందరగోళంలో ఊపిరితిత్తులే దెబ్బతింటాయి. చాలామందికి కోవిడ్ మొదటి వారం మామూలుగా ఉండి, రెండో వారంలో ప్రాణం మీదికి రావడం వెనుక ఉన్న కారణాల్లో ఇదొకటి.

ఆ గంట కొట్టే జన్యువులు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒక్కటి పూర్తిగా పాడైనా, మిగతా అన్ని విధాలా ఆరోగ్యంగా ఉండే మనిషి ఒక్క వైరస్ చేతిలో కూలిపోవచ్చు. కోవిడ్‌కు ముందే, 2015లో, జాన్-లారాన్ కాజనోవా అనే శాస్త్రవేత్త బృందం ఇలాంటి ఒక పాప గురించి రాసింది. రెండున్నరేళ్ల వయసులో ఫ్లూతో చావు అంచుల దాకా వెళ్లింది. ఐఆర్ఎఫ్7 అనే జన్యువు రెండు ప్రతులూ ఆమెలో పాడయ్యాయి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఒక్కో మంచి ప్రతి ఉన్న తల్లిదండ్రులిద్దరూ ఆరోగ్యంగానే ఉన్నారు. 2020లో అదే బృందం కోవిడ్‌తో ప్రాణాపాయంలో పడ్డ 659 మందిని పరీక్షిస్తే 23 మందిలో ఈ గంటకు సంబంధించిన జన్యువుల్లో లోపం దొరికింది.

అదే ఏడాది నెదర్లాండ్స్ వైద్యులు నలుగురు యువకుల గురించి రాశారు. రెండు కుటుంబాలకు చెందిన అన్నదమ్ముల జంటలు. పెద్ద జబ్బులేవీ లేవు. నలుగురూ కోవిడ్‌తో వెంటిలేటర్ దాకా వెళ్లారు, ఒకరు పోయారు. నలుగురిలోనూ టీఎల్ఆర్7 అనే జన్యువు పాడైంది. వైరస్ ఆర్‌ఎన్ఏను పసిగట్టి గంట మోగించే జన్యువు అది. తర్వాత పెద్ద ఎత్తున వెతికితే, ప్రాణాంతక కోవిడ్ వచ్చిన 60 ఏళ్లలోపు పురుషుల్లో సుమారు నూటికి ఒకరిలో ఇదే లోపం బయటపడింది. ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగవాళ్లకు ఎక్స్ ఒక్కటే, అదీ తల్లి నుంచే వస్తుంది. ఆడవాళ్లకు రెండు. ఒకటి పాడైనా రెండోది ఆదుకుంటుంది. అలాంటి కుటుంబంలో ఆడవాళ్లు జలుబుతో బయటపడతారు, మగపిల్లలు కొందరు కూలిపోతారు. లోపం తల్లివైపు నుంచి దిగుతుంది.

ఇప్పుడు మీ ఇంటిని ఇంకోసారి చూడండి. అమ్మకు జలుబు. మీకు రెండు రోజుల జ్వరం. తమ్ముడికి వెంటిలేటర్. అమ్మ తమ్ముడు 22 ఏళ్లకే న్యుమోనియాతో పోయారు.

ఇక్కడ నన్ను తప్పుగా అర్థం చేసుకోవద్దని వేడుకుంటున్నాను. ఉత్తరం చదివి రోగం తేల్చడం వైద్యం కాదు. ఆ రోజుల్లో న్యుమోనియాతో కుర్రవాళ్లు పోవడానికి సవాలక్ష కారణాలు. ఆయనకు వచ్చినది అసలు వైరస్ జబ్బో కాదో మనకు తెలీదు. టీఎల్ఆర్7 లోపం ముఖ్యంగా కోవిడ్ విషయంలోనే బయటపడింది. ఆ రెండూ ఒకే తాడుకు కట్టే సంగతులు కాకపోవచ్చు. ఇంకో మాట. తమ్ముడిని పరీక్షిస్తే ఏమీ దొరకకపోయే అవకాశమే ఎక్కువ, పైన చెప్పిన 659 మందిలో ఎక్కువమంది విషయంలో అదే జరిగింది. నేను చెబుతున్నది ఒక్కటే. మీ బీరువాలోని రిపోర్టు కన్నా మీ ఉత్తరంలోని ఆ రెండు వయసులు ఎక్కువ విలువైన సమాచారం. ఏ ఇమ్యునాలజిస్టు (రోగనిరోధక వ్యవస్థ నిపుణుడు) అయినా మొదట అడిగేది వాటినే. మీరు పంపిన ఉమ్మి శాంపిల్ పరీక్షలు జనంలో తరచుగా కనబడే మార్పులనే చూస్తాయి. ఇలాంటి అరుదైన లోపాలను పట్టేవి కావు.

కాబట్టి బాబుకు కూడా అదే పరీక్ష చేయిద్దామన్న ఆలోచన వదిలేయమనే నా సలహా. ఆ ముక్క వాడికి ఉందని తేలినా, లేదని తేలినా వాడి బతుకులో ఏదీ మారదు. మీ నిద్ర మాత్రం పోతుంది. పైగా వాడి డీఎన్ఏ సమాచారం జీవితాంతం ఎవరి దగ్గరో ఉండిపోతుంది. దానికి వాడు ఒప్పుకోలేదు.

పోనీ, బాబుకు నేరుగా అరుదైన జన్యువుల పరీక్ష చేయించవచ్చా? చేయించవచ్చు. కానీ అది తాళం ఏదో తెలీకుండా తాళంచెవులు వెతకడమే. "అర్థం తేలని మార్పు" అన్న ఫలితం రావడం ఇలాంటి పరీక్షల్లో మామూలు. అది మంచిదో చెడ్డదో ఇంకా ఎవరికీ తెలియని మార్పు అని దాని అర్థం. నాలుగేళ్ల పిల్లాడి పేరు పక్కన అలాంటి మాట చేరితే మీ ఇంట్లో దాన్ని ఎలా మోస్తారో ఆలోచించుకోండి. జన్యు వైద్యంలో ఒక పద్ధతి ఉంది. ముందు జబ్బు పడ్డ మనిషిని పరీక్షించాలి. అక్కడ ఏదైనా దొరికితే, ఆ ఒక్కదాని కోసమే మిగతావాళ్లను చూడాలి. అప్పుడు ఉంది, లేదు అని సూటిగా జవాబు వస్తుంది.

అంటే దారి తమ్ముడి దగ్గర నుంచే మొదలవుతుంది. ఎవరికైతే తెలియనివ్వకూడదనుకున్నారో, ఆ మనిషితోనే ముందు మాట్లాడాలి.

తమ్ముడికి ఏమీ చెప్పకుండా ఉండే దారి కూడా ఉంది. అది ఎంచుకుంటే మిమ్మల్ని తప్పుపట్టను. దాని ఫలితం ఏమిటంటే, అతనికి మళ్లీ ఏదైనా కొత్త వైరస్‌తోనో ఫ్లూతోనో జ్వరం వచ్చిన రోజున, తను అందరికన్నా ముందే ఆసుపత్రికి వెళ్లాల్సిన మనిషినేమో అని అతనికి గానీ వైద్యులకు గానీ తట్టదు. ఇంకోవైపు, మీరు దాచిన రిపోర్టు ఎప్పుడో ఒకప్పుడు బయటపడితే, అందులో ఏముందన్న దానికన్నా అక్క దాచిందన్నదే అతనికి ఎక్కువ గుచ్చుకుంటుంది.

చెప్పే దారి ఎంచుకుంటే, చెప్పాల్సింది రిపోర్టు గురించి కాదు. "నీ వయసులో అంత తీవ్రంగా రావడం మామూలు సంగతి కాదట. దానికి కారణం వెతికే డాక్టర్లు ఉన్నారట. మామయ్య సంగతి కూడా వాళ్లకు పనికొస్తుందట. వెళ్తావా వద్దా నీ ఇష్టం, వెళ్తే నేనూ వస్తాను." ఇంత చాలు. ఇందులో అతని మీద ముద్ర లేదు. మెట్లెక్కి ఆగి చూసుకునే మనిషికి "నీ భయానికి కారణం ఉండొచ్చు, దాన్ని వెతకొచ్చు" అనే మాట మీరనుకున్నంత కఠినంగా వినపడకపోవచ్చు. నాలుగేళ్లుగా "నాకే ఎందుకు" అని ఒంటరిగా అడుగుకుంటున్నది అతనే కదా.

వద్దంటే వదిలేయండి. తెలుసుకోకుండా ఉండే హక్కు అతనిది.

ఒప్పుకుంటే ముందుగా రక్త పరీక్షలతో రోగనిరోధక శక్తి చూస్తారు. ఇంటర్‌ఫెరాన్‌కు వ్యతిరేకంగా ఒళ్లే తయారుచేసుకునే ఆటోయాంటీబాడీలు ఉన్నాయేమో చూడమని అడగండి. 2020లో ప్రాణాపాయంలో పడ్డ 987 మంది కోవిడ్ రోగుల్లో 101 మందిలో అవి దొరికాయి. ఆ 101 మందిలో 95 మంది మగవాళ్లే. ఎక్కువమందిలో ఇది తల్లిదండ్రుల నుంచి వచ్చే లోపం కాదు, వయసుతో పాటు పెరుగుతుంది. నాన్నగారి విషయంలో ఇదే కారణమై ఉండవచ్చు కూడా. అది ఇక తేలదు. ఆ తర్వాత అవసరమనిపిస్తే జన్యువుల పరీక్షకు వెళ్తారు. ముందుగా, జన్యు పరీక్షల ఫలితాలను విడమర్చి చెప్పే జెనెటిక్ కౌన్సెలర్‌తో ఒక గంట కూర్చోమనండి. ఏ ఫలితం వస్తే ఏం చేస్తామో ముందే మాట్లాడుకోకుండా శాంపిల్ ఇవ్వకూడదు.

మరదలు గర్భవతి అన్నారు కాబట్టి ఒక ఊరట. ఒకవేళ ఎక్స్ క్రోమోజోమ్ మీది లోపమే తేలినా, తండ్రి నుంచి కొడుక్కి ఎక్స్ రాదు. అబ్బాయి పుడితే ఆ లోపం అతన్ని తాకదు. అమ్మాయి పుడితే తల్లి ఇచ్చిన మంచి ఎక్స్ ఆమెకు అండగా ఉంటుంది. పైన చెప్పిన పాపకున్న ఐఆర్ఎఫ్7 లాంటి లోపమైతే, బిడ్డకు రావాలంటే తల్లివైపు నుంచీ అలాంటి మార్పే రావాలి. అది చాలా అరుదు. కాబట్టి ఈ కాన్పు కోసం కంగారుపడి పరీక్షలకు పరుగెత్తనక్కర్లేదు. ఆమె కాన్పు అయ్యాక, తీరిగ్గా వెళ్లినా ఏమీ పోదు.

మీ బాబు లెక్క కూడా చెబుతాను. అమ్మలో అలాంటి ఎక్స్ ఉందనే అనుకున్నా, అది మీకు వచ్చే అవకాశం సగం. మీ నుంచి బాబుకు వచ్చే అవకాశం మళ్లీ అందులో సగం. ఆ మొదటి "అనుకున్నా" అన్నదే ఇంకా తేలలేదు.

అమ్మ గురించి మీరు ఏమీ అడగలేదు, నేనే చెబుతున్నాను. ఈ విషయం ఎలా మాట్లాడినా, "నాన్నవైపు" అన్న వేలు "అమ్మవైపు" తిరగకూడదు. తమ్ముణ్నీ భర్తనూ పోగొట్టుకున్న మనిషి ఆమె, కొడుకును వెంటిలేటర్ మీద చూసింది. జన్యువులు ఎవరూ ఏరి ఇవ్వరు. మామయ్య గురించి అడిగేటప్పుడు ముందు ఆయన ఎలాంటి మనిషో అడగండి. జబ్బు సంగతి ఆ మాటల్లోనే వస్తుంది.

ఇక బాబు. దాదాపు పిల్లలందరికీ రెండేళ్లు నిండేలోపు ఆర్‌ఎస్‌వీ ఒక్కసారైనా సోకుతుంది. ఏడో నెలలో శ్వాసనాళాలు సన్నగా ఉంటాయి. ఆ వయసులో ఆసుపత్రిలో చేరే పిల్లల్లో ఎక్కువమందికి ముందు నుంచీ ఏ జబ్బూ ఉండదు. ఈ వయసు పిల్లలకు ఏడాదికి ఎనిమిది, పది జలుబులు మామూలే, బడికి వెళ్లే మొదటి ఏళ్లలో మరీను. ప్రతిసారీ వారంలో తనంతట తనే కోలుకుంటున్నాడంటే అక్కడ గంట మోగుతూనే ఉందన్నమాట. ఇంటర్‌ఫెరాన్ దారిలోని కొన్ని తీవ్రమైన లోపాలున్న పిల్లలకు తట్టు టీకా లాంటి జీవ టీకాలే (బలహీనపరిచిన సజీవ వైరస్‌తో చేసేవి) ప్రమాదమవుతాయి. మీ వాడు వాటిని ఏ ఇబ్బందీ లేకుండా తట్టుకున్నాడు. అదీ మంచి గుర్తే. కాబట్టి భయంతో టీకాలు మాత్రం ఆపకండి. అలాంటి నిర్ణయం లోపం తేలాక వైద్యులు తీసుకోవాల్సింది.

వాడిని బడికి పంపకపోతే ఈ ఏడాది జలుబులు తగ్గుతాయి, నిజమే. అవి వచ్చే ఏడాదికి వాయిదా పడతాయి. ఈలోగా పోయేది వాడి ఆట, వాడి స్నేహితులు. ఇదంతా తనవల్లేనని నాలుగేళ్ల పిల్లాడికి కూడా అర్థమవుతుంది. తమ్ముడి సంగతి తేలేదాకా ఆగాలనిపిస్తే ఒక గడువు పెట్టుకుని ఆగండి, గడువు లేకుండా మాత్రం వద్దు. నా మటుకు నేనైతే పంపిస్తాను. ఊపిరి వేగంగా తీస్తూ డొక్కలు ఎగరేస్తున్నా, తాగడం మానేసినా, పెదాలు నీలంగా మారినా వెంటనే ఆసుపత్రి. అంతకు తక్కువైతే ఇంట్లోనే.

పరీక్షల్లో ఏం తేలినా తేలకపోయినా చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. తమ్ముడికీ బాబుకూ ఏటా ఫ్లూ టీకా వేయించండి. తమ్ముడికి కోవిడ్ టీకా ఇంకో మోతాదు అవసరమా అని వైద్యుణ్ని అడగండి. అతనికి జ్వరంతో దగ్గు వస్తే "రెండు రోజులు చూద్దాం" అనుకోకూడదు. ఫ్లూ మందు 48 గంటల్లోపు, కోవిడ్ మాత్రలు ఐదు రోజుల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయి. మరదలికి, 2023 నుంచి కొన్ని దేశాల్లో గర్భిణులకు ఇస్తున్న ఆర్‌ఎస్‌వీ టీకా గురించి ఆమె వైద్యురాలిని అడగమనండి. అది పుట్టబోయే బిడ్డకు మొదటి నెలల్లో కాపు.

మీ భర్తతో ఈ ఉత్తరం, ఈ జవాబు కలిసి చదవండి. ఆయన మాట ఎంత గుచ్చుకుందో నాకు రాసినట్టు ఆయనకు చెప్పి ఉండరని నా అనుమానం. ఆయన కూడా కొడుకు కోసం భయపడుతున్న తండ్రే.

ముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. అమ్మవైపూ నాన్నవైపూ ఉన్నవాళ్లందరి పేర్లూ రాసి, ఎవరెవరు ఏ వయసులో, ఏ జబ్బుతో, ఎన్ని రోజులు ఆసుపత్రిలో ఉన్నారో పక్కన రాయండి. మామయ్య దగ్గర ఖాళీ వదలండి, అది అమ్మ చెప్పాక నింపండి. తమ్ముడు వైద్యుడి దగ్గరికి వెళ్లే రోజున ఆ కాగితం అతని చేతికివ్వండి. బీరువాలోది అతను అడిగితే చూపించండి.